నీరు లేని తలంటు

తలంటు అనగానే మన కన్నుల యెదుట నిలుచునవి నువ్వులనూనె, కుంకుడు రసము, కాగిన నీళ్లు, పిమ్మట సాంబ్రాణి ధూపము. ఇక అంగళ్లలో డ్రై షాంపూ అను పేర అమ్మెడు వస్తువునందు నీటికి తావే లేదు. ఇదెక్కడి విపరీతమని మేమును మొదట నవ్వుకొన్నవారమే. గత వేసవిలో మా యింట పెద్దమ్మగారు తుంటి యెముక విరిగి మంచము పట్టిరి. కొన్నాళ్లు తలస్నానము కూడదని వైద్యులు చెప్పిరి. అంతటితో మా నవ్వు నిలిచిపోయినది. నడుము దాటిన ఆ జడ జిడ్డుపట్టి అట్టలు కట్టసాగెను. చూడవచ్చినవారి యెదుట ఆమె కొంగు తలపైకి లాగికొనెడివారు. నొప్పికంటె ఆ చిన్నతనమే ఆమెను ఎక్కువగా బాధించినది.

మన తలచర్మమునందు వెంట్రుక కుదుళ్లను ఆనుకొని సూక్ష్మ గ్రంథులు కలవు. వానినుండి ఊరెడు జిడ్డును సీబమ్ అందురు. కుంకుడైనను షాంపూ అయినను ఈ జిడ్డును నురుగులో పట్టి నీళ్లతో వెళ్లగొట్టును. పొడి షాంపూ పని అట్టిది కాదు. బియ్యము, మొక్కజొన్న, కర్రపెండలము మొదలగు వాని గంజిపొడి జిడ్డును పీల్చుకొనును. దువ్వి దులిపినప్పుడు పీల్చిన జిడ్డు పొడితోపాటు కొంత రాలిపోవును. మురికి, చుండ్రు, చెమట ఉప్పు మాత్రము చాలవరకు ఉన్నచోటనే ఉండును. కావున దీనిని తలంటు అనుటకంటె, తలంటును ఒకటి రెండు దినములు వాయిదా వేయు ఉపాయమనుట సబబు. కొబ్బరినూనె దట్టముగా పట్టించిన తలపై ఈ పొడి చల్లినచో ముద్ద కట్టుట తప్ప వేరు ఫలము లేదు.

తలకు గంజిపొడి క్రొత్త సంగతి కాదు. ఐరోపా దొరలు తమ కృత్రిమ కేశములపై దానిని చల్లుకొనెడివారు. 1795లో ఇంగ్లండు ప్రభుత్వము ఆ పొడి వాడువారిపై ఏటికొక గినీ పన్ను విధించినది. షాంపూ అను మాట మాత్రము మన దేశముదే. మర్దింపుమను అర్థము గల హిందీ మాట చాంపో నుండి అది సీమకు పోయినది.

ఇప్పుడు దొరకు రకములలో ఎక్కువ ప్రచారము గలది డబ్బానుండి చిమ్మునది. మీట నొక్కినంతనే పని యగును. అయితే గంజిపొడిని బయటికి నెట్టునవి సాధారణముగా బ్యూటేను, ప్రొపేను అను వాయువులు; మన వంటగ్యాసు సిలిండరులో ఉండునవియు ఇవియే. కావున పొయ్యి దరిని గాని, దేవుని దీపము దరిని గాని దీనిని చిమ్మరాదు. 2022 అక్టోబరులో అమెరికాలో ఇట్టి డబ్బాలు కొన్నింటిలో బెంజీను అను కాన్సరు కారక పదార్థము ఉండవచ్చునని తయారీదారులు వానిని వాపసు తీసికొనిరి. దోషము గంజిపొడిది కాదు, నెట్టెడు వాయువుది. మేము మొదట కొన్నది ఈ రకమే. తలుపులు మూసిన గదిలో ఒక్కమారు చిమ్మగా పెద్దమ్మగారికి దగ్గు తెర వచ్చినది. ఉబ్బసము గలవారున్న యింట దీనిని మేము కొనుమని చెప్పజాలము.

రెండవది డబ్బీలోని వట్టి పొడి. చవుక, వాయువుల భయము లేదు. కుదుళ్ల వద్ద కొద్దిగా అద్ది, కొన్ని నిమిషములు ఆగి, దువ్వవలెను. నల్లని జుట్టుపై బూడిద పూసినట్లు కనబడుట దీని లోపము. అందుకై కోకో పొడి కలిపిన రకములున్నవి గాని, మన కోస్తా ఉక్కపోతలో అది నుదుటిపై చారలు కట్టును. నెరసిన జుట్టునకు ఈ చిక్కు లేదు. పొడి గాలిలో లేవకుండ దూదితో అద్దుట మేలు.

మూడవది నిజమునకు పొడి కాదు, కడుగనక్కరలేని నురుగు. తలకు పట్టించి, మర్దించి, తువాలుతో గట్టిగా తుడువవలెను. మురికి తువాలుకు అంటుకొని వచ్చును. మంచము పట్టిన రోగులకై ఏర్పడిన ఈ పద్ధతినే వ్యోమగాములును అవలంబించిరి. ఖరీదెక్కువ, తువాళ్లు రెండు మూడు కావలెను. అయినను నెలలకొలది మంచమున ఉండువారికి మా ఓటు దీనికే.

పెద్దమ్మగారికి వారమున కొకమారు నురుగు, నడుమ ఒకనాడు దూదితో పొడి వాడితిమి. మూడవ వారమునకు చిక్కులు విడి జడ వేయ వీలైనది. వచ్చినవారి యెదుట కొంగు లాగికొనుట మానిరి గాని, కుంకుళ్లు ఎప్పుడు నానవేయుదురని మాత్రము ప్రతిదినము అడుగుచునే యుండిరి.