అయిదుగురు దిగ్గజాలు, 29 పాటలు, ఒక్క ఆల్బమ్!

రోలింగ్ స్టోన్స్ గొంతు మిక్ జాగర్. మన ఎ.ఆర్. రెహమాన్. బాబ్ మార్లే చిన్న కొడుకు డామియన్ మార్లే. యురిథ్మిక్స్ జంటలో సగమైన డేవ్ స్టూవర్ట్. ఇంగ్లండ్ సోల్ గాయని జాస్ స్టోన్. ఈ అయిదుగురూ కట్టిన బ్యాండ్ సూపర్‌హెవీ. మూడు దేశాలు, మూడు ఖండాలు! 2009లో పుట్టింది, 2011లో ఆల్బమ్ తెచ్చింది, ఆగిపోయింది. రాక్ చరిత్రలో ఇంత కలగలుపు కూటములు అరుదు.

వయసులు చూడండి! 2011 సెప్టెంబరులో ఆల్బమ్ విడుదలయ్యేనాటికి జాగర్‌కు 68, జాస్‌కు 24. ఆమె పుట్టేసరికే రోలింగ్ స్టోన్స్‌కు పాతికేళ్లు నిండవస్తున్నాయి. మధ్యలో స్టూవర్ట్ 59, రెహమాన్ 44, మార్లే 33. అన్నీ కూడితే 228 ఏళ్లు!

వేగంలోనూ మొనగాళ్లే. 10 రోజుల్లో 29 పాటలు కట్టారు. అంటే రోజుకు దాదాపు మూడు! కొన్ని బాణీలు గంటకు పైగా సాగాయి. పోగైన సంగీతం 35 గంటలు. రెండున్నర గంటల తెలుగు సినిమాలు 14 వరుసగా చూసినంత! అంత రాశిలోంచి ఆల్బమ్‌కెక్కినవి 12 పాటలే. ప్రత్యేక ఎడిషన్‌లో 16.

ఎక్కువ భాగం లాస్ ఏంజెలెస్‌లో రికార్డయింది. మిగతాది ఫ్రాన్స్, సైప్రస్, టర్కీ, మయామి, కరీబియన్ దీవులు, భారతదేశంలో. ఒక్క ఆల్బమ్ కోసం ఇంత తిరుగుడు!

గుట్టు దాచడంలో వీళ్లకు వీళ్లే సాటి. ప్రపంచమంతా ఎరిగిన అయిదుగురు కలిసి పనిచేస్తున్నా, 2011 మే దాకా బయటపెట్టలేదు. 2009 ఫిబ్రవరిలో రెహమాన్ ఒకే రాత్రి రెండు ఆస్కార్లు అందుకున్నాడు. 2010లో మనం ‘ఏ మాయ చేసావె’ పాటలు పాడుకుంటున్నాం. ఆ పాటలు కట్టిన మనిషి జాగర్‌తో కూడా బాణీలు కడుతున్నాడని మనకెవరికీ తెలియదు!

ఎంతో పాత మాటలున్న రాక్ పాట కూడా వీళ్ల ఆల్బమ్‌లో ఉంది. పేరు ‘సత్యమేవ జయతే’. ముండకోపనిషత్తు వాక్యం, మన రాజముద్ర మీది మాట. రోలింగ్ స్టోన్స్ గాయకుడి బ్యాండ్‌లో అది పాటైంది! ఆల్బమ్‌లో నా కిరీటం దీనికే.

అమ్మకాల్లో మాత్రం శిఖరం అందలేదు. బ్రిటన్‌లో 13వ స్థానం, అమెరికాలో 26. ఇలాంటి దిగ్గజాల కూటముల్లో అక్కడ విజేత బ్లైండ్ ఫెయిత్. ఎరిక్ క్లాప్టన్, స్టీవ్ విన్‌వుడ్, జింజర్ బేకర్, రిక్ గ్రెచ్. 1969 జూన్ 7న లండన్ హైడ్ పార్క్‌లో మొదటి కచేరీకే లక్ష మంది! ఆరు పాటల ఒకే ఒక్క ఆల్బమ్, రెండు దేశాల్లోనూ నంబర్ వన్. ఆ ఏడాదే బ్యాండ్ చెదిరిపోయింది.

అల్పాయువులో అందరినీ మించింది డర్టీ మ్యాక్. జాన్ లెనన్, క్లాప్టన్, మిచ్ మిచెల్, బాస్ గిటార్ పట్టిన కీత్ రిచర్డ్స్. 1968 డిసెంబరు 11న, రోలింగ్ స్టోన్స్ ఏర్పాటుచేసిన ‘రాక్ అండ్ రోల్ సర్కస్’ చిత్రీకరణలో ఒక్కసారి వాయించారు. అంతే! ఆ చిత్రం జనానికి అందింది 1996లో. ఒక్కసారి వాయిస్తే చూడటానికి 28 ఏళ్లు!

ఇక సున్నా రికార్డు. 2006లో రియో కోపకబానా తీరంలో రోలింగ్ స్టోన్స్ ఉచిత కచేరీకి పది లక్షలకు పైగా జనం. అదే జాగర్ సూపర్‌హెవీతో చేసిన సంగీత యాత్రలు సున్నా! ఈ అయిదుగురినీ ఒకే వేదికపై వినలేకపోవడం సంగీత ప్రియులకు నిజంగా లోటే.

రెండో ఆల్బమ్ రాలేదు. ఉన్న ఆ ఒక్కటీ తప్పక వినండి. ముందు రెగే దరువు మీద నడిచే ‘మిరకిల్ వర్కర్’, వెంటనే ‘సత్యమేవ జయతే’.