తేమ చెప్పు బోర్డును కంప్యూటరునకు కలుపు విధము



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో యాసంగియందు బోరు క్రింద వేరుశనగ వేయువారు అనేకులు కలరు. మన రాష్ట్రములో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు సరఫరా మొదలైనది. ఆటో స్టార్టర్లను తొలగింపుడని అప్పుడు ప్రభుత్వమువారు కోరిరి. కారణము స్పష్టమే. కరెంటు ఉన్నంతసేపు మోటారు తిరుగును. చేనుకు నీరు కావలెనా, వద్దా అను సంగతి స్టార్టరుకు తెలియదు. ఎండునది చివరకు మన బోరే.

నేలలోని తేమను అంకెలలో చూపు చిన్న పరికరమును మీరే ఇంటివద్ద సిద్ధము చేసికొనవచ్చును. ఇందుకు ఆర్డుయినో యూనో అను మైక్రోకంట్రోలరు బోర్డు పనికివచ్చును. విద్యార్థులు సులభముగా వాడుకొనుటకై 2005లో ఇటలీ దేశమందలి ఇవ్రియా పట్టణమున ఈ రకపు బోర్డులు పుట్టినవి. అయితే కొన్న మొదటిదినముననే "బోర్డు పనిచేయుటలేదు" అని ప్రక్కన పడవేయువారు ఉన్నారు. అట్టి బోర్డులు పెక్కు బాగుగనే యుండును. లోపము తీగలోనో, డ్రైవరులోనో, పోర్టు ఎన్నికలోనో యుండును.

డ్రైవరు అనగా నేమి?

బోర్డు మాట ఒకటి, కంప్యూటరు మాట మరియొకటి. రెంటి నడుమ దుబాసి వంటి చిన్న ప్రోగ్రామే డ్రైవరు. అసలు యూనో బోర్డునకు కావలసిన డ్రైవరు ఆర్డుయినో సాఫ్ట్‌వేరుతోనే వచ్చును. తక్కువ వెలకు దొరకు నకలు బోర్డులలో చాలవాటిపై సిహెచ్340 అను చిప్పు ఉండును. దానికి వేరు డ్రైవరు అవసరము కావచ్చును. యుఎస్‌బి రంధ్రము దగ్గరనున్న చిప్పుపై అక్షరములను వెలుతురులో చూచి కనుగొనుడు.

చేయవలసిన పనులు

1. తీగను పరీక్షించుడు. కొన్ని ఛార్జింగు తీగలలో కరెంటు మోయు తీగలే యుండును, సమాచారము మోయునవి ఉండవు. అట్టి తీగతో బోర్డుపై దీపము వెలుగును గాని కంప్యూటరునకు బోర్డు కనబడదు. ఫోనులోని ఫొటోలను కంప్యూటరునకు పంపగలిగిన తీగ అయినచో నమ్మవచ్చును.

2. సాఫ్ట్‌వేరును ఎక్కించుడు. ఆర్డుయినో సంస్థవారి సొంత వెబ్‌సైటు నుండి ఆర్డుయినో ఐడిఇని ఉచితముగా దింపుకొనవచ్చును. రెండవ తరపు ఐడిఇకి 64 బిట్ల విండోస్ 10 గాని, అంతకు క్రొత్తది గాని కావలెను. ఇంట పాత విండోస్ 7 కంప్యూటరున్నచో 1.8.19 సంచికను తీసికొనుడు.

3. డ్రైవరును చూడుడు. బోర్డును తగిలించి డివైస్ మేనేజరు తెరువుడు. "పోర్ట్స్" అను శీర్షిక క్రింద కామ్3, కామ్4 వంటి పేరు వచ్చినచో డ్రైవరు ఉన్నట్లే. పసుపుపచ్చ గుర్తు కనబడినచో డ్రైవరు లేదని ఎరుగుడు. ఇంటర్నెట్టు ఉన్నచో ఒక్కొక్కప్పుడు విండోస్ తానే తెచ్చుకొనును. లేనియెడల సిహెచ్340 తయారీదారుల వెబ్‌సైటు నుండియే దింపి ఎక్కించుడు. ఇతర చోట్ల నుండి దింపినచో వైరసు వచ్చు ప్రమాదము కలదు.

4. బోర్డు, పోర్టు చెప్పుడు. ఐడిఇలో టూల్స్ పట్టీకి పోయి బోర్డుగా ఆర్డుయినో యూనోను, పోర్టుగా పైన చూచిన కామ్ అంకెను ఎన్నుకొనుడు. ఏ అంకె మీదో తెలియనిచో తీగ ఊడదీసి చూడుడు. మాయమైనదే మీ బోర్డు.

5. పరీక్ష చేయుడు. ఫైల్ పట్టీలో ఎగ్జాంపుల్స్, బేసిక్స్, బ్లింక్ అని వరుసగా తెరచి బాణపు గుర్తును నొక్కుడు. బోర్డుపై చిన్న దీపము ఒక సెకను వెలిగి, ఒక సెకను ఆరుచుండిన యెడల పని నెరవేరినట్లే. "నాట్ ఇన్ సింక్" అని తప్పు చూపినచో బోర్డు, పోర్టు ఎన్నికను మరల సరిచూడుడు.

తేమను చదువుట

తేమ సెన్సరులలో కెపాసిటివ్ రకమును కొనుడు. లోహపు కాళ్లు మట్టిలో తగులు రకము త్వరగా తుప్పుపట్టును. తీగలు కలుపునప్పుడు బోర్డును కంప్యూటరు నుండి ఊడదీయవలెను. సెన్సరు కరెంటు తీగను 5 వోల్టుల కాలికి, జిఎన్‌డి తీగను జిఎన్‌డి కాలికి, సమాచారపు తీగను ఎ0 కాలికి కలుపుడు. బేసిక్స్‌లోనే యున్న అనలాగ్ రీడ్ సీరియల్ అను ప్రోగ్రామును ఎక్కించి, సీరియల్ మానిటరు తెరచి, వేగము 9600గా పెట్టుడు. 0 నుండి 1023 లోపల అంకెలు వచ్చును. ఈ రకములో మట్టి పొడిగా ఉన్నచో అంకె పెరుగును, తడిసినచో తగ్గును.

ఒకరి అంకె మరియొకరికి పనికిరాదు. చెలక నేలకు ఒకటి, నల్లరేగడికి మరియొకటి యుండును. కనుక మీ చేని మట్టినే డబ్బాలో పోసి, బాగుగా తడిపి, నీరు దిగిన పిమ్మట అంకె వ్రాసికొనుడు. ఆ మట్టి ఆరుచుండగా దినమునకొకసారి పిడికిట పట్టి చూడుడు. ఇక తడి పెట్టవలసినదే అని మీ చేతికి తోచిన దినపు అంకెయే మీ గుర్తు. పూత, ఊడలు దిగు దశ, కాయ ఊరు దశలలో వేరుశనగ నీటి ఎద్దడికి ఓర్వదు గనుక అప్పుడు ఆ గుర్తు దాటనీయకుడు.

హెచ్చరిక

ఈ బోర్డు 5 వోల్టులది. మోటారు మూడు ఫేజుల 415 వోల్టులది. బోర్డును స్టార్టరునకు తిన్నగా ఎన్నడును కలుపరాదు. బోర్డు చెప్పుటకే, మోటారు వేయుట, ఆపుట మీ చేతిలోనే యుండవలెను.

చదువుకొను పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక పూట ఓపిక పట్టినచో ఈ పనియంతయు పూర్తియగును. తడుల విషయమున సందేహమున్నచో పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానము వారిని అడుగుడు. అక్కరలేని ఒక్క తడి ఆగినను, ఆ నీరు మీ బోరులోనే నిలుచును.