ఎండ వేడి వేరు, ఇంజిన్ వేడి వేరు

ముఖచిత్ర కథనం గురువారం సాయంత్రానికల్లా కావాలన్నారు ఎడిటర్ గారు. "ఈ ఎండల్లో బండికి ఏ ఆయిల్ పోయాలో జనానికి అర్థమయ్యేలా రాయండి" అన్నారు. సోమవారం పొద్దున్నే విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. మూడు షెడ్లలో అడిగితే మూడుచోట్లా ఒకటే జవాబు. అరవై దాటిన మేస్త్రి ఒకాయన స్పానర్ పక్కన పెట్టి మరీ చెప్పాడు: "మన ఎండలకి ఆ పల్చటి ఆయిల్ నీళ్లయిపోద్దండీ. ఇరవై నలభై పోయించుకోండి, ఇంజిన్ పదికాలాలుంటది."

ఇరవై నలభై అంటే 20డబ్ల్యు-40. ఈ సలహా నాకు కొత్త కాదు. రెండేళ్ల కిందట ఇదే నమ్మి, 0డబ్ల్యు-20 అడిగే నా కారుకి ఆ చిక్కటి ఆయిలే పోయించాను. మర్నాటి నుంచి పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు టకటకమని చప్పుడు. మైలేజీ కూడా తగ్గింది. మళ్లీ కంపెనీ చెప్పిన గ్రేడ్ పోయించాక ఆ చప్పుడు లేదు. అందుకే ఈసారి మాటలు పక్కన పెట్టి కాగితాలు తిరగేశాను.

నాకు దొరికిన వాటిలో అన్నిటికన్నా విలువైంది టెక్నికల్ డేటా షీట్. పేరున్న ఆయిల్ కంపెనీలన్నీ గ్రేడ్‌కొకటి చొప్పున ఇస్తాయి. ఒకటి రెండు పేజీలు, చిన్న అక్షరాలు. అందులో చిక్కదనాన్ని రెండు వేడిమిల దగ్గర కొలిచి రాస్తారు: ఒకటి 100 డిగ్రీలు, ఇంకోటి 40 డిగ్రీలు. కొలత సెంటీస్టోకుల్లో. మామూలు నీళ్లు 1 అనుకుంటే మిగతావి సులువుగా అర్థమవుతాయి. డబ్బా మీద చివరి అంకె 100 డిగ్రీల కొలతను బట్టే వస్తుంది. 20 అంటే 6.9 నుంచి 9.3 లోపు. 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు. 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు.

ఆ పక్కనే ఉండే 40 డిగ్రీల కొలతను ఎవరూ పట్టించుకోరు. నేను మాత్రం దాని దగ్గరే ఆగిపోయాను. 40 డిగ్రీలంటే ఏమిటి? రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం, చెట్టు నీడలో ఆపిన కారు. రాత్రంతా కాదు, పగలంతా ఆగి ఉన్న ఇంజిన్‌లో ఆయిల్ వేడి దాదాపు అంతే. ఆ వేడిలో 0డబ్ల్యు-20 ఆయిల్ చిక్కదనం సుమారు 45 ఉంటుంది. మేస్త్రి చెప్పిన దానికన్నా ఇంకాస్త చిక్కటి 20డబ్ల్యు-50ది 160 దాటుతుంది. అంటే మన ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు కూడా, "నీళ్లయిపోద్ది" అన్న ఆ పల్చటి ఆయిల్ తను పనిచేసే వేడిలో ఉండే దానికి ఐదు రెట్లు చిక్కగా ఉంది. చిక్కటిదైతే ఎనిమిది తొమ్మిది రెట్లు. ఎండాకాలంలో కూడా స్టార్ట్ చేసే క్షణానికి ఆయిల్ ఇంకా చల్లగా ఉన్నట్టే లెక్క!

కాగితం మీద చూసింది కంటితో చూడాలని మంగళవారం రెండింటికి డాబా మీదకెక్కాను. రెండు స్టీలు గ్లాసుల్లో రెండు రకాల ఆయిల్ పోసి, గంటసేపు నీడలో ఉంచి, ఒకే గరాటులోంచి వంచాను. 0డబ్ల్యు-20 నువ్వుల నూనెలా జారిపోయింది. 20డబ్ల్యు-50 ముదురు పాకంలా తీగ సాగుతూ, గరాటు అంచుని పట్టుకుని వేలాడింది. కొత్త ఇంజిన్లలో షాఫ్టుకీ బేరింగుకీ మధ్య సందు వెంట్రుక మందం కన్నా తక్కువ. వాల్వుల టైమింగ్ మార్చే సన్నటి దారులూ ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తాయి. చిక్కటి ఆయిల్ అక్కడిదాకా చేరే లోపే నా కారు టకటకమన్నది.

ఇక నడిచే ఇంజిన్ సంగతి. నీళ్లతో చల్లబడే కారులో థర్మోస్టాట్ ఉంటుంది. అది నీళ్ల వేడిని 90 డిగ్రీల చుట్టుపక్కల పట్టి ఉంచుతుంది. హైవే మీద ఆయిల్ 90 నుంచి 110 దాకా వెళ్తుంది. బయట రామగుండం ఎండైనా, డిసెంబరు లంబసింగి మంచైనా ఆయిల్ వేడిలో తేడా తక్కువే. గాలితో చల్లబడే బైకుల సంగతి వేరు. వాటికి బయటి ఎండ నిజంగానే తగులుతుంది.

డబ్ల్యు అంటే వింటర్, దాని ముందు అంకె చలిది. 20డబ్ల్యుని మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు, 0డబ్ల్యుని మైనస్ 35 దగ్గర. షికాగోలో జనవరి పొద్దున కారు తీసే మనవాళ్లకి అది ప్రాణావసరం. మనకి ఆ చలి లేకపోయినా, ఆ అంకె తగ్గేకొద్దీ పొద్దుటి మొదటి తిప్పుడులో ఆయిల్ త్వరగా పైకెక్కుతుంది.

ఆయిల్‌కి అసలు పరీక్ష పెట్టేది బరువు. ఏడుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, పాడేరు ఘాట్ రెండో గేరులో ఎక్కితే బేరింగుల దగ్గర వేడి పైకి పోతుంది. అందుకే 150 డిగ్రీల దగ్గర బలమైన రాపిడికి గురిచేసి ఇంకో కొలత తీస్తారు. అందులో 20 గ్రేడ్‌కి కనీసం 2.6 రావాలి, 30కి 2.9, 15డబ్ల్యు-40కి 3.7. చీమకుర్తి గ్రానైట్ రాళ్లు మోసే లారీలు 15డబ్ల్యు-40 ఎందుకు వాడతాయో ఇక్కడ తెలుస్తుంది. మీరు తరచూ బరువుతో ఘాట్లెక్కేవారైతే మాన్యువల్ చూడండి. అది రెండు మూడు గ్రేడ్లు ఒప్పుకుంటే వాటిలో చిక్కటిది ఎంచుకోండి. ఒకటే చెబితే దాన్నే పోయించి, కాస్త ముందుగా మార్పించండి.

మేస్త్రి గారి అనుభవాన్ని నేను తీసిపారేయను. ఆయన చేయి తిరిగింది కార్బొరేటర్ ఇంజిన్ల మీద. రింగులు అరిగి, నీలి పొగ వదులుతూ, ఆయిల్ తాగే పాత బండికి చిక్కటిది పోస్తే పొగ తగ్గుతుంది, ఒత్తిడి నిలబడుతుంది. ఆ బండికి ఆయన మందు సరైందే. నిన్న షోరూమ్‌లోంచి వచ్చిన బండికి అదే మందు పోయడం మీదే నా అభ్యంతరం.

చరిత్ర క్లుప్తంగా: అమెరికాలో ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ 1911లో ఆయిల్ చిక్కదనానికి మొదటి వర్గీకరణ ఇచ్చింది. తర్వాత చలి అంకె చేరింది. పాలిమర్లు కలిపిన మల్టీగ్రేడ్లు వచ్చి, చలికాలానికొకటి ఎండాకాలానికొకటి మార్చే అవస్థ తీరింది. మన దగ్గర 20డబ్ల్యు-40 దశాబ్దాలు ఏలింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక పల్చటి గ్రేడ్లు మామూలయ్యాయి. ఇప్పుడు 0డబ్ల్యు-16 అడిగే కార్లూ రోడ్డు మీద ఉన్నాయి.

బైకు, స్కూటరు

గేర్ల బైకులో క్లచ్ కూడా ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. జారుడు పెంచే కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూడండి. గేర్లు లేని స్కూటరుకి ఎంబీ.

డీజిల్ కారు

బీఎస్-6 డీజిల్లో పొగగొట్టం దారిలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. మసి కాలిపోతుంది కానీ ఆయిల్‌లోంచి వచ్చే బూడిద కాలదు, పేరుకుపోతుంది. గ్రేడ్ ఒక్కటీ సరిపోతే చాలదు. మాన్యువల్ తక్కువ బూడిద ఆయిల్ అడిగితే అదే కొనండి.

రెండు కిలోమీటర్ల ప్రయాణాలు

ఇంటి నుంచి బడికి, బడి నుంచి బజారుకి మాత్రమే తిరిగే కారులో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. లోపలి తేమ, కాలని పెట్రోలు అందులోనే మిగిలిపోతాయి. తక్కువ తిరిగింది కదా అని ఆయిల్ మార్పు ఏడాది దాటనివ్వకండి. ఏ కారుకైనా డిప్‌స్టిక్ చూసేటప్పుడు బండి సమానమైన నేల మీద ఉండాలి, ఆపి ఐదు నిమిషాలైనా కావాలి. మొదట తీసినప్పుడు గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీశాక కనిపించే మట్టమే లెక్క.