బొటనవేలు వంకర: ఆపరేషన్ ఎవరికి, ఎప్పుడు?

కాలి బొటనవేలి మొదట్లో, పాదం లోపలి అంచున బుడిపెలా పొడుచుకొచ్చేదాన్ని బునియన్ అంటారు. వైద్య పరిభాషలో దాని పేరు హాలక్స్ వాల్గస్. అక్కడ కొత్తగా ఎముక పెరిగిందని చాలామంది అనుకుంటారు. కానీ అసలు జరిగేది ఎముకలు పక్కకు జరగడం. బొటనవేలు రెండో వేలి మీదికి వాలుతుంది. దాని వెనక పాదంలో ఉండే పొడవాటి ఎముక అవతలి దిక్కుకు జరుగుతుంది. రెండూ కలిసే కీలు బయటికి తోసుకొచ్చి చెప్పుకు ఒరుసుకుంటుంది. చర్మం ఎర్రబడి వాస్తుంది. అందుకే బుడిపెను చెక్కేస్తే సరిపోదు.

ఇది ఆడవాళ్లలో ఎక్కువ, కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంది కూడా. దానికి ఇరుకు బూట్లు తోడైతే ముదురుతుంది. 1958లో హాంకాంగ్‌లో చేసిన ఒక పరిశీలనలో బూట్లు తొడిగేవారిలో 33 శాతం మందికి, ఎప్పుడూ తొడగనివారిలో 2 శాతం మందికి మాత్రమే ఈ వంకర కనిపించింది. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో తవ్వితీసిన మధ్యయుగపు అస్థిపంజరాల్లోనూ, మొనదేలిన బూట్ల మోజు వచ్చిన 14వ శతాబ్దం నుంచి ఇది బాగా పెరిగినట్లు 2021లో తేలింది.

ఆపరేషన్ అవసరమా అన్నది వంకరను బట్టి కాక, నొప్పిని బట్టి తేల్చుకోవాలి. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో వేలు వాలిన కోణం 15 డిగ్రీల లోపు ఉంటే మామూలే, 40 దాటితే తీవ్రం. అయినా బాగా వంగిన వేలితో హాయిగా నడిచేవారున్నారు, కొద్ది వంకరకే అడుగు వేయలేనివారూ ఉన్నారు. చూడ్డానికి బాగోలేదనో, ముందుముందు ముదురుతుందేమోననో నొప్పి లేని పాదాన్ని కోయించుకోవడం మంచిది కాదు. నొప్పికి కారణం అదేనా అన్నదీ తేల్చుకోవాలి. యూరిక్ యాసిడ్ పెరిగి వచ్చే గౌట్ కూడా ఇదే కీలును పట్టుకుంటుంది. దానికి మందులే వైద్యం.

ముందు చెప్పులు మార్చి చూడాలి. సాయంత్రం, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిల్‌తో గీత గీయించుకుని, రోజూ వేసుకునే చెప్పును దాని మీద పెడితే సంగతి తెలుస్తుంది. గీత చెప్పు బయటికి వస్తే ఆ చెప్పు ఇరుకే. ముందు భాగం వెడల్పుగా, మడమ తక్కువగా ఉన్నవి వాడటం, బుడిపె మీద మెత్తటి ప్యాడ్ పెట్టుకోవడం, అవసరమైతే డాక్టరు చెప్పిన నొప్పి మాత్రలు వేసుకోవడం చాలామందికి ఉపశమనమిస్తాయి. ఇవేవీ వేలిని తిన్నగా చేయవు. చేస్తామనే ప్రకటనలను నమ్మనక్కర్లేదు.

కొన్ని నెలలు ఇవన్నీ చేసినా వెడల్పు చెప్పుల్లోనూ నొప్పి తగ్గకపోతే, నడక తగ్గించుకోవాల్సి వస్తుంటే, రెండో వేలు పైకి లేచి ఆనెలు కాస్తుంటే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు. ఫిన్లాండ్‌లో 209 మందిపై జరిగి 2001లో వెలువడిన అధ్యయనంలో, ఏడాది గడిచేసరికి చెప్పులో పెట్టుకునే ఆధారాల కన్నా, ఊరికే వేచి ఉండటం కన్నా ఆపరేషనే మేలని తేలింది.

ఆపరేషన్‌లో సాధారణంగా ఎముకను కోసి, సరైన చోటికి జరిపి, స్క్రూలతో బిగిస్తారు. పద్ధతులు వందకు పైగా ఉన్నాయి. ఏది తగునో ఎక్స్‌రే చెబుతుంది. కష్టమంతా ఆ తర్వాతే. ఎముక అతకడానికి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్లూ ప్రత్యేకమైన గట్టి చెప్పుతో నడవాలి. కొన్ని పద్ధతుల్లో కొన్ని వారాలు పాదం మోపనే కూడదు. వాపు పూర్తిగా తగ్గడానికి ఆరు నెలల నుంచి ఏడాది పట్టవచ్చు. మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. గొంతుకూర్చోవాలన్నా, నేల మీంచి లేవాలన్నా బొటనవేలు పైకి వంగాలి. ఆపరేషన్ తర్వాత కీలు బిగుసుకుంటే అదే కష్టమవుతుంది. నేల మీద కూర్చుని పనిచేసేవారు, నేల మరుగుదొడ్డి వాడేవారు ఈ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. మెట్టెలు కూడా ముందే తీసిపెట్టుకోవాలి.

ఎక్కువమందికి నొప్పి తగ్గుతుంది, అందరికీ కాదు. వంకర మళ్లీ రావచ్చు, వేలు మొద్దుబారవచ్చు, బరువు పక్క వేళ్ల కిందికి మారి అక్కడ నొప్పి పుట్టవచ్చు. సన్నటి హైహీల్స్‌లోకి పాదం మళ్లీ పడుతుందన్న ఆశ పెట్టుకోకూడదు. సిగరెట్ తాగేవారికి ఎముక ఆలస్యంగా అతుకుతుంది. షుగర్ అదుపులో లేనివారికి, కాళ్లకు రక్తం సరిగా అందనివారికి గాయం త్వరగా మానదు. ముందు ఆ సంగతి చూసుకోవాలి.

ఇందులో తొందరేమీ లేదు. సెలవులు, ఇంట్లో సాయం కుదిరే రోజులు చూసుకుని చేయించుకోవచ్చు. కానీ షుగర్ ఉన్నవారికి బుడిపె మీద చర్మం చిట్లినా, పుండు పడినా ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టరుకు చూపించాలి.