అతుకు పక్కనే ఎందుకు తెగుతుంది?

షేక్‌పేట నుంచి ఫిల్మ్‌నగర్ వైపు పోవాలంటే బండరాళ్ల గుట్ట ఎక్కాలి. ఎండాకాలం ఆ ఎత్తు మీద బోర్లు అడుగంటాయంటే మా వెల్డింగ్ షెడ్డు ముందు ట్రాక్టర్ ట్యాంకర్లు ఆగడం మొదలవుతుంది. అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో మొదలైన ప్రాంతం కదా, సినిమావాళ్ల పని కూడా వస్తుంది: లైట్ స్టాండ్లు, ట్రాలీ పట్టాలు, సెట్టు ఫ్రేములు. అయినా నా మనసంతా ట్యాంకర్‌ను ట్రాక్టర్‌కు తగిలించే డ్రాబార్ మీదే ఉంటుంది. సెట్టు ఫ్రేము వంగితే షాట్ ఆగుతుంది. వాలులో డ్రాబార్ విరిగితే వెనక స్కూటర్ మీద వచ్చే మనిషి ఇంటికి చేరడు.

5,000 లీటర్ల నీళ్లంటే 5 టన్నులు. తొట్టి బరువు దానికి అదనం. ఒకే ఇరుసున్న ట్యాంకర్ సగం నీళ్లతో ఎత్తెక్కుతుంటే నీళ్లు వెనక్కి జారి డ్రాబార్ మూతిని పైకి లేపుతాయి. దిగేటప్పుడు ముందుకొచ్చి అదే మూతిని కిందికి నొక్కుతాయి. బ్రేకు వేసిన ప్రతిసారీ లోపల ఓ కుదుపు. తొట్టిలో అడ్డ రేకులుంటే ఆ ఊపు కొంత తగ్గుతుంది, అవి లేని ట్యాంకర్లను చూస్తే నాకు భయం. కట్టుడు తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే ఒకచోట పుటుక్కుమన్నట్టే, ఛాసిస్ ముందు అడ్డ ఛానల్‌ను డ్రాబార్ కలిసే మూలలో వెంట్రుక మందం గీత మొదలవుతుంది.

డ్రైవర్ తొందర డ్రైవర్‌ది. “అన్నా, జెర అతికియ్యి, మాపటికి ట్రిప్పున్నది” అంటాడు. “ముందుగాల నీళ్లు ఒంపి ట్రాక్టర్ ఇడిపియ్యి తమ్మీ” అంటాను. చక్రాలకు రాళ్లు పెట్టి, మూతి కింద దిమ్మెలు వేశాకే గ్రైండర్ పడతాను.

పెయింటు గీకి, పగులు మీద కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్దపొడి చల్లాలి. లోపల ఇంకిన నూనె పైకి ఊరి, పగులు ఎంతదాకా పోయిందో నల్లటి గీతలా చూపిస్తుంది. ఆ కొసకు కాస్త అవతల చిన్న బెజ్జం వేస్తే పగులు ఇంకా ముందుకు పాకదు. తరువాత గీత పొడవునా గాడి తీసి అడుగు నుంచి నింపుకుంటూ రావాలి. పైపైన రాడ్డు కాల్చి పూత పూస్తే లోపలి పగులు అలాగే ఉంటుంది.

నేను వాడే 7018 వెల్డింగ్ రాడ్డుకు తేమ పడదు. చెమ్మ పట్టిన రాడ్డు అతుకులోకి హైడ్రోజన్‌ను పంపిస్తుంది, చల్లారాక ఎప్పుడో అతుకు లోపల చీలుతుంది. అందుకే ఓవెన్‌లో కాల్చి, వేడి మీదే వాడతాను. ఎర్త్ క్లాంపు అతుకు పక్కనే బిగించాలి. చక్రానికో ఇరుసుకో తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని తినేస్తుంది. కమాన్ పట్టీ విరిగితే మాత్రం రాడ్డు ముట్టించను. అది వేడి చేసి గట్టిపరిచిన ఉక్కు, వెల్డింగ్ సెగకు ఆ గుణం పోతుంది. కొత్త పట్టీ వేయించుకోమంటాను.

ఎక్కువమంది తప్పు చేసేది బలం కోసం వేసే ప్లేటు దగ్గర. మందం ప్లేటు తెచ్చి, చదరంగా కోసి, చుట్టూ వెల్డింగ్ కొట్టేస్తారు. మామూలు ఐఎస్ 2062 ఈ250 ఉక్కుకు కనీస తెంపు బలం 410 మెగాపాస్కల్స్, 7018 అతుకు లోహానికి దాదాపు 490. అతుకు అంత సులువుగా తెగదు. ప్లేటు వేసినచోట ఛానల్ వంగడం మానేస్తుంది, ఆ వంపంతా ప్లేటు అంచున, అతుకు ఛానల్‌ను కలిసే గీత దగ్గర పడుతుంది. కొన్నాళ్లకు సరిగ్గా అక్కడే కొత్త పగులు. నేను ప్లేటు కొసలను వజ్రం ఆకారంలో సన్నగా కోసి, మూలలు గుండ్రం చేస్తాను. వెల్డింగ్ ఛానల్ పొడవునా సాగాలి, దాని అంచుకు అడ్డంగా గీత పడకూడదు. ప్లేటు మందం ఛానల్‌ను మించకూడదు.

ఈ పాఠం పెద్ద ఓడలు కూడా నేర్పాయి. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో షెనెక్టాడీ అనే కొత్త ట్యాంకర్ ఓడ రేవులో నిలిచి ఉండగానే దాదాపు రెండుగా చీలింది. వెల్డింగ్‌తో కట్టిన ఓడ అది. అదే కాలపు లిబర్టీ ఓడల్లో చాలా పగుళ్లు డెక్ మీది హ్యాచ్‌ల చదరపు మూలల్లో పుట్టాయి.

అతుకు ఎర్రగా ఉండగానే బకెట్ నీళ్లు కొట్టమనేవాళ్లున్నారు. కొట్టను. దానంతట అది చల్లారాక స్లాగ్ రాలగొట్టి, రెడ్ ఆక్సైడ్ పూస్తాను. హుక్కు రింగు అరిగి కోలగా సాగి ఉంటే, దాన్ని నింపడం కంటే మార్చడమే మేలు. చివరికి రెండు గొలుసులు డ్రాబార్ కింద ఒకదాన్నొకటి దాటేలా ట్రాక్టర్‌కు కట్టిస్తాను. పిన్ను ఎగిరిపోయినా మూతి రోడ్డులో గుచ్చుకోకుండా ఆ రెండు గొలుసుల మీద ఆగుతుంది, డ్రైవర్‌కు బండి ఆపుకునే వ్యవధి దొరుకుతుంది.