కుండీలో ఆర్కిడ్ కుళ్లితే

ఆర్కిడ్ ఆకు వడలగానే మరికాస్త నీరు పోస్తాం. తరచు జరిగేది వేరు: నీరెక్కువై, గాలాడక వేళ్లు కుళ్లుతాయి, కుళ్లిన వేరు నీరు తాగలేదు.

మన మామిడికొమ్మల మీద వాండాను చూడండి. దాని వేళ్లు గాలిలోనే ఉంటాయి, మట్టి అక్కరలేదు.

మొక్కను తీసి కడగండి. గట్టివేళ్లు ఉంచండి. మెత్తబడినవాటిని, కాల్చి చల్లార్చిన కత్తితో కోసి, కోతకు బొగ్గుపొడి అద్దవలెను. ఒకరోజు నీడన ఆరనివ్వండి.

అడుగున చిల్లులున్న కుండీలో ఇటుకముక్కలు, కట్టెబొగ్గు, నానబెట్టి కడిగిన కొబ్బరిడొక్క ముక్కలు వేసి నాటండి. డొక్క తేమను పట్టి ఉంచును; అందుచేత వానలెక్కువైన చోట బొగ్గు, ఇటుక హెచ్చుగాను, ఎండప్రాంతాలలో డొక్క హెచ్చుగాను వాడవలెను.

నాలుగైదు రోజులు నీరు పోయకండి. ఆపైన కుండీ ఆరాకనే పోయండి.