డంగు సున్నం

పాత కట్టడాలకు మరమ్మతు అన్న వార్త వచ్చినప్పుడల్లా ఈ మాట వినిపిస్తుంది. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి విరిచి, ఇసుక చేర్చి గానుగలో నూరితే వచ్చేదే డంగు సున్నం. గుండ్రటి రాతి కాలువలో ఎద్దులు రాతిచక్రాన్ని తిప్పుతుంటే ముద్ద వెన్నలా మెదుగుతుంది. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం పానకం అందులో పోసేవారు.

సిమెంటు తొందరగా గట్టిపడుతుంది కానీ గోడలోని తేమను బయటికి పోనివ్వదు. లోపల చెమ్మ నిలిచి రాయి, ఇటుక పొరలు పొరలుగా రాలతాయి. సున్నం గాలి ఆడనిస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి మెల్లగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. అందుకే కుతుబ్‌షాహీ సమాధుల మీద ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంటును ఒలిచేసి సున్నంతో గచ్చు చేశారు. 2013లో ఆగాఖాన్ ట్రస్ట్ మొదలుపెట్టిన ఆ పని 2024 దాకా సాగింది.

బాగుచేయడమంటే తాళం వేసి దాచడం కాదు. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ 2020లో కొత్త రూపు దిద్దుకుంది, ఐస్‌క్రీం దుకాణాలు అక్కడే ఉన్నాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

మేడ్చల్, శామీర్‌పేటల్లో ఊరి నడుమ పాత ఇల్లు బాగుచేయించేవారు పని మొదలయ్యేముందే మేస్త్రీని అడగండి: గోడకు పూసేది సిమెంటా, సున్నమా?